కొండ ఎక్కగలిగిన కెమెరా

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నుంచి మేఘాల సముద్రాన్ని చూడాలంటే సూర్యోదయానికి చాలా ముందే, చేతిలో టార్చి పట్టుకుని, మంచుకు తడిసిన మట్టి బాటలో నడక మొదలుపెట్టాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నా వీపు మీద ఫుల్ ఫ్రేమ్ కెమెరా (వెలుగును ఫోటోగా పట్టే సెన్సర్ పెద్దదిగా ఉండేది), ఎఫ్/2.8 జూమ్ లెన్సులు మూడు, వాటిని మోయగలిగిన ట్రైపాడ్, నీళ్ల సీసా అన్నీ కలిపి ఏడు కిలోలకు పైగా ఉన్నాయి. సగం దారిలో ఒక బండ మీద కూలబడి ఆయాసం తీర్చుకుంటుండగానే తూర్పున ఎరుపు తిరిగింది. పైకి చేరేసరికి ఆ ఎరుపు వెలిసిపోయి మామూలు పగటి వెలుగు మిగిలింది. నాతోపాటే బయలుదేరిన ఒక కుర్రవాడు చిన్న కెమెరా, ఒకే లెన్సుతో ముందుగా చేరుకుని, కావలసిన ఫోటోలు తీసుకుని, నేను వెళ్లేసరికి తీరిగ్గా టీ తాగుతున్నాడు.

ఆ రోజు నుంచి ఎవరైనా ల్యాండ్‌స్కేప్, అంటే ప్రకృతి దృశ్యాల, ఫోటోలకు ఏ కెమెరా కొనాలని అడిగితే, బాడీ (లెన్సు కాకుండా మిగిలిన కెమెరా) గురించి చివర మాట్లాడుకుందామని చెప్పడం అలవాటయింది. ముందుగా మీరు ఏ చోట్లకు వెళతారు, అక్కడ ఏ లెన్సు అవసరం, ఎంత బరువు మోయగలరు, ట్రైపాడ్ వెంట తీసుకెళతారా లేదా అన్నవి తేల్చుకుంటే, ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది చాలావరకు దానంతటదే తేలుతుంది. దుకాణాల్లోనూ ప్రకటనల్లోనూ ఈ వరుస తలకిందులుగా ఉంటుంది కాబట్టే చాలామంది ఇళ్లలో ఖరీదైన బాడీలు బీరువాల్లో నిద్రపోతున్నాయి.

ముందు లెన్సుల సంగతి

ఇప్పటికే మీ ఫోనులోనో పాత కెమెరాలోనో ఉన్న దృశ్యాల్లో మీకు నిజంగా నచ్చిన ముప్పై ఫోటోలు ఏరి పెట్టుకోండి. వాటిలో ఎన్ని వెడల్పుగా తీసినవి, ఎన్ని దూరాన ఉన్న కొండనో చెట్టునో దగ్గరకు లాగి తీసినవి అని లెక్కపెట్టండి. ఫోటో వివరాలు తెరిస్తే ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో కూడా మి.మీ.లలో కనిపిస్తుంది; అంకె చిన్నదైతే దృశ్యం వెడల్పుగా, పెద్దదైతే దగ్గరగా పడుతుంది. ఇకపై నేను చెప్పే మి.మీ. అంకెలు, వేరుగా చెప్పని చోట, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఉన్నవేనని గమనించండి.

దృశ్యాలంటే వెడల్పాటి లెన్సే అన్న నమ్మకం ఎందుకు పుట్టిందో గాని, అది సగమే నిజం. గండికోట దగ్గర ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్నా నది పారే లోయ అంచున నిలబడితే, కాళ్ల ముందున్న ఎర్రటి బండలు, అడుగున నది, అవతలి గట్టు, పైన ఆకాశం అన్నీ ఒకే ఫ్రేములోకి రావాలనిపిస్తుంది. అక్కడ 24 మి.మీ. ఇరుకుగా ఉండి, 16 లేదా 18 మి.మీ. ఉంటే బాగుండుననిపిస్తుంది. అదే లెన్సును వంజంగికి గాని లంబసింగికి గాని తీసుకెళితే, కంటికి గంభీరంగా కనిపించిన కొండల వరుసలు ఫోటోలో చీమల పుట్టల్లా కుంచించుకుపోతాయి, ముందు వరుసలో నిలబడ్డ పర్యాటకుల సెల్ఫీ కర్రలు మాత్రం స్పష్టంగా పడతాయి. తూర్పు కనుమల్లో ఒకదాని వెనుక ఒకటిగా పలచబడుతూ పోయే నీలి వరుసలను పట్టుకునేది 100 నుంచి 200 మి.మీ. మధ్య ఉన్న లెన్సు. కుంటాల, బొగత వంటి జలపాతాల దగ్గర ఈ రెండూ కాదు, మామూలు 24–70 పరిధిలోనే నా ఫోటోల్లో ఎక్కువ భాగం పడ్డాయి. పాపికొండల మధ్య గోదావరి మీద లాంచీలో వెళ్లేటప్పుడైతే ముందుకో వెనక్కో నడిచే వీలు ఉండదు కాబట్టి జూమ్ తప్పనిసరి.

అందుచేత ఒకే లెన్సుతో మొదలుపెట్టదలచినవారికి నా సలహా 24–105, 24–120 వంటి ఎఫ్/4 జూమ్ (ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సులోకి వెలుగు ఎక్కువగా వస్తుంది). రెండోది కొనేటప్పుడు మీ ముప్పై ఫోటోల లెక్క ఎటు మొగ్గిందో అటు వెళ్లండి. ఏ లెన్సుకూ వెళ్లాలనిపించకపోతే, కొనకండి.

ఎఫ్/4 అని ఎందుకు అంటున్నానంటే, ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/8 లేదా ఎఫ్/11 దగ్గర తీసే ఫోటోకు ఎఫ్/2.8 లెన్సు అదనంగా ఇచ్చేది బరువే. నికాన్ జడ్ వరుసలోని ఎఫ్/2.8 జూమ్‌లు మూడింటినీ తీసుకుంటే, 14–24 సుమారు 650 గ్రాములు, 24–70 మొదటి రకం 805, 70–200 ట్రైపాడ్ పట్టీతో 1,440. బాడీ కాకుండానే 2.9 కిలోలు. దీనికి ఒక మినహాయింపు ఉంది, రాత్రి ఆకాశం. పాలపుంత తీయాలంటే 20 మి.మీ. లెన్సుతో పదిహేను ఇరవై సెకన్లకు మించి షట్టర్ తెరిచి ఉంచితే నక్షత్రాలు గీతలుగా సాగుతాయి కాబట్టి, ఆ కొద్ది సమయంలోనే చాలినంత వెలుగు లోపలికి రావాలి. అలాంటి కోరిక ఉంటే ఎఫ్/1.8 ఉన్న ఒక ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు విడిగా కొనడం, మూడు జూమ్‌లనూ ఎఫ్/2.8కు మార్చడం కన్నా చవక, తేలిక. మన ప్రాంతంలో పాలపుంత నడిమి భాగం ఫిబ్రవరి చివరి నుంచి తెల్లవారుజామున కనిపించడం మొదలై, వర్షాకాలం మబ్బులు కమ్మేదాకా, అంటే మే నెల దాకా, తీరిగ్గా దొరుకుతుంది. సంవత్సరంలో మిగిలిన ఎనిమిది నెలల కోసం రోజూ ఎఫ్/2.8 మోయనక్కరలేదు.

సెన్సర్ పరిమాణం ఎప్పుడు కలిసివస్తుంది

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., దానికన్నా చిన్న రకాలైన ఏపీఎస్-సీ దాదాపు 23.5×15.6, మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. పెద్ద సెన్సర్‌కు ఎక్కువ వెలుగు అందుతుంది కాబట్టి నీడల్లో మచ్చలు తక్కువగా, వెలుగునీడల తేడాను తట్టుకునే శక్తి ఎక్కువగా ఉంటాయన్నది నిజమే. గండికోటలో ఉదయపు ఎండ లోయ పై అంచును తాకి, అడుగు ఇంకా నీడలోనే ఉన్నప్పుడు ఆ శక్తి విలువ తెలుస్తుంది.

కాని ఈ లాభం అందరికీ అందదు, ఎందుకంటే దృశ్యాల్లో ముందున్న రాయి నుంచి వెనకున్న కొండ దాకా అంతా స్పష్టంగా ఉండాలి. ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/11 దగ్గర వచ్చే స్పష్టత లోతు, అదే ఫ్రేముకు ఏపీఎస్-సీ మీద సుమారు ఎఫ్/7.1 దగ్గర, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద ఎఫ్/5.6 దగ్గర వచ్చేస్తుంది. అంటే చిన్న సెన్సర్ ఉన్నవారు ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తూ అదే లోతు సాధిస్తారు. ఫుల్ ఫ్రేమ్ ఉన్నవారు దానికి బదులుగా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, లేదా ఐఎస్ఓ (అందిన వెలుగును కెమెరా పెంచి చూపే సెట్టింగు, దానితో మచ్చలూ పెరుగుతాయి) పెంచాలి. ట్రైపాడ్ ఉంటే షట్టర్‌ను ఎంతసేపైనా తెరిచి ఉంచవచ్చు కాబట్టి లాభం నిలుస్తుంది. చేత్తో పట్టుకుని తీస్తే ఐఎస్ఓ పెంచక తప్పదు, పెంచిన క్షణాన పెద్ద సెన్సర్‌కు ఇచ్చిన డబ్బులో చాలా భాగం గాలిలో కలిసినట్లే. ట్రైపాడ్ మోయడం ఇష్టం లేనివారికి ఫుల్ ఫ్రేమ్ వద్దని నేను మొహమాటం లేకుండా చెప్పేది ఇందుకే.

మెగాపిక్సెళ్ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కరలేదు. 24 మెగాపిక్సెళ్ల ఫోటో 6000×4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే 20×13 అంగుళాల ప్రింటు వస్తుంది. 4కే టీవీ తెరకు కావలసింది దాదాపు 8 మెగాపిక్సెళ్లే. రెండింతలు పొడవు, రెండింతలు వెడల్పు ఉన్న ప్రింటును అదే స్పష్టతతో తీయాలంటే మెగాపిక్సెళ్లు నాలుగింతలు కావాలి కాబట్టి, 24 నుంచి 33కు పెరగడం కంటికి ఆనేంత తేడా కాదు.

బరువు విషయంలో సెన్సర్ కంటే లెన్సుల ఎంపికే ఎక్కువ ప్రభావం చూపుతుందని కాగితం మీద లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ నికాన్ జడ్5 బ్యాటరీ, కార్డుతో 675 గ్రాములు, దానికి 14–30 ఎఫ్/4 485, 24–200 జూమ్ 570 కలిపితే 1,730 గ్రాములు. ఏపీఎస్-సీ ఫుజీఫిల్మ్ ఎక్స్-టీ5 557 గ్రాములు, దానికి ఆ మౌంట్‌లోనే (బాడీకి లెన్సు తగిలే అమరిక) ఉన్న 10–24, 16–80, 70–300 లెన్సులు (ఇక్కడి నుంచి చిన్న సెన్సర్ లెన్సుల అంకెలు వాటి మీద రాసి ఉన్నవే) కలిపితే రెండు కిలోలకు కాస్త తక్కువ. చిన్న సెన్సర్ సామగ్రే బరువెక్కువ. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఓఎం-5 బాడీ, 8–25 ఎఫ్/4, 40–150 ఎఫ్/4 తీసుకుంటే మొత్తం 1,200 గ్రాములే, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 16 నుంచి 300 మి.మీ. వరకు మధ్యలో చిన్న ఖాళీతో అందుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి, బస్సుల్లో తిరిగేవారికి నేను ఈ చివరిదాన్ని వెనకాడకుండా సూచిస్తాను.

మౌంట్ ఎంచుకోవడమంటే ఒక రకంగా వియ్యమందడమే. బాడీ అయిదారేళ్లకు మారినా లెన్సులు అంతకన్నా ఎక్కువకాలం మీ దగ్గరే ఉంటాయి. సోనీ ఈ మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ వంటి ఇతర కంపెనీల లెన్సులు విస్తారంగా దొరుకుతాయి. 2018లో వచ్చిన కానన్ ఆర్ఎఫ్ మౌంట్‌లో ఫుల్ ఫ్రేమ్‌కు బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు చాలాకాలం దొరకలేదు. కాబట్టి మీకు కావలసిన రెండు మూడు లెన్సులు మీ బడ్జెట్‌లో ఆ మౌంట్‌కు ఉన్నాయో లేదో చూసుకున్నాకే బాడీ చేతిలోకి తీసుకోండి.

ట్రైపాడ్

లెన్సుల తరువాత డబ్బు పెట్టవలసింది ఇక్కడ. తక్కువ ధరకు దొరికే, ప్లాస్టిక్ తల ఉన్న ట్రైపాడ్ గాలి వీచే కొండ అంచున కెమెరాను కదిలిస్తూనే ఉంటుంది; దాని మీద పెట్టి తీసిన ఫోటో చేత్తో తీసినదాని కన్నా అధ్వాన్నంగా రావడం నేను చూశాను. కార్బన్ ఫైబర్ అయితే బరువు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. అల్యూమినియం అయితే దానికి తారుమారు. మొత్తం బరువు, తలతో కలిపి, కిలోన్నర నుంచి రెండు కిలోల మధ్య ఉంటే మన కొండలకు చాలు. నడిమి స్తంభాన్ని పైకి లేపకుండా మీ ఛాతీ ఎత్తుకు వస్తే సరిపోతుంది, ఎందుకంటే ఈనాటి కెమెరాల వెనుక తెర పైకి తిరుగుతుంది. స్తంభాన్ని పూర్తిగా లేపితే అది మూడు కాళ్ల మీద ఊగే ఒంటి కర్ర. ఆర్కా-స్విస్ తరహా ప్లేటు (కెమెరా అడుగున బిగించేది) పట్టే బాల్ హెడ్ (గోళం మీద ఎటైనా తిరిగే తల) తీసుకోండి, తరువాత ఆ తరహా ప్లేటు ఏ కంపెనీది కొన్నా పెద్దగా ఇబ్బంది ఉండదు.

కాళ్ల బిగింపులు రెండు రకాలు, మీటలాగా నొక్కేవి, మర (స్క్రూ) లాగా తిప్పేవి. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బల దగ్గర తీసి, అదే సాయంత్రం సముద్రపు ఒడ్డున అలల్లో ట్రైపాడ్ నిలబెట్టి, కడగకుండా సంచిలో పెట్టి మరిచిపోయాను. వారం తరువాత తిప్పబోతే మర లోపల ఇసుక కరకరలాడింది, రెండో కాలు అసలు కదలలేదు. విప్పి చూస్తే దారాల మధ్య ఉప్పు తెల్లగా పేరుకుని, దానిలో ఎర్రమట్టి రేణువులు అతుక్కుని ఉన్నాయి. పాత పళ్ల బ్రష్, మంచినీళ్లు, కొద్దిగా గ్రీజుతో ఒక ఆదివారం మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది. కాబట్టి కొనేముందే, దుకాణంలోనే, ఒక కాలును పనిముట్లు లేకుండా పూర్తిగా విప్పి మళ్లీ బిగించగలరేమో అడిగి చూడండి. సముద్రం దగ్గర వాడినప్పుడు కింది భాగాన్ని ముందు పూర్తిగా బయటికి లాగాలి, అప్పుడు పై బిగింపులకు నీరు అందదు.

ట్రైపాడ్ పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. లాంచీ ఇంజను అదురుకు ట్రైపాడ్ మీదున్న కెమెరా కూడా అదురుతుంది, అక్కడ చేత్తోనే పట్టుకుని 1/500 సెకనుకు తగ్గకుండా తీయడం నయం. గోల్కొండ, లేపాక్షి వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ నిలబెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇలాంటి చోట్లకు ఎక్కువగా వెళ్లేవారు బాడీలోనే కుదుపులను సర్దే సౌకర్యం ఉన్న మోడల్‌కే మొగ్గాలి. ప్రతిసారీ ట్రైపాడ్ వాడేవారు ఆ ఒక్క సౌకర్యం కోసం అదనంగా చెల్లించనక్కరలేదు.

వాన, మంచు, బూజు

మన జలపాతాలు నిండుగా ఉండేది జూలై నుంచి అక్టోబరు దాకా, అంటే కెమెరాను బయటికి తీయడానికి భయపడే నెలల్లోనే. వాతావరణాన్ని తట్టుకునే సీలింగ్ బాడీకి, లెన్సుకు రెండింటికీ ఉంటేనే ప్రయోజనం; ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోతే, తలుపు వేసి కిటికీ తీసి ఉంచినట్లే. ఉన్నా అది నీటిలో ముంచడానికి కాదు, తుంపరలను ఆపడానికి. లాడ్జీల్లో ఇచ్చే తలకు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ కెమెరా మీద చక్కగా అమరుతుంది, నా సంచిలో ఎప్పుడూ రెండు ఉంటాయి.

ఏసీ కారులోంచి కెమెరాను ఒక్కసారిగా తేమగాలిలోకి తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టి పావుగంట పని ఆగిపోతుంది. దిగడానికి అరగంట ముందు ఏసీ ఆపేయడమో, సంచి మూత తీయకుండా బయటి వేడికి అలవాటు పడనివ్వడమో చేయాలి. చలికాలపు తెల్లవారుజామున కొండల మీద సమస్య వేరు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి లెన్సు ముందు అద్దం చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడి, మీకు తెలియకుండానే మంచు పడుతుంది. హుడ్ (లెన్సు ముందు అమర్చే గొట్టం) తగిలించి ఉంచి, పది నిమిషాలకొకసారి టార్చి వేసి చూసుకోవాలి.

కోస్తాలో ఉండేవారికి లెన్సు లోపల పట్టే బూజు అసలైన శత్రువు. గాలిలో తేమను 40–50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ కొనగలిగితే మంచిది; లేకపోతే రబ్బరు అంచు ఉన్న గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి, నెలకొకసారి ఆ జెల్‌ను ఆరబెట్టండి. కెమెరాతో పాటు వచ్చిన గుడ్డ సంచి, తోలు సంచి తేమను పట్టి ఉంచుతాయి కాబట్టి అందులో పెట్టి బీరువాలో దాచడం బూజును పెంచడమే.

ఫిల్టర్లు, పాత సరుకు, అద్దె

ఫిల్టర్లు రెండు చాలు. పోలరైజర్ తడి ఆకుల మీద, రాళ్ల మీద మెరుపును తీసేసి రంగును బయటపెడుతుంది, ఆ పనిని తరువాత కంప్యూటర్‌లో చేయలేం. అయితే 16 మి.మీ. వంటి లెన్సు మీద ఆకాశంలో ఒక పక్క ముదురు, ఒక పక్క లేతగా మచ్చ కడుతుంది. వెలుగును తగ్గించే 6 స్టాపుల ఎన్డీ ఫిల్టర్ (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) 1/30 సెకనును రెండు సెకన్లు చేస్తుంది, జలపాతానికి అది సరిపోతుంది. మీ లెన్సుల్లో పెద్ద వ్యాసానికి, 77 గాని 82 మి.మీ. గాని, ఒకే ఫిల్టర్ కొని మిగిలినవాటికి స్టెప్-అప్ రింగులు (చిన్న లెన్సుకు పెద్ద ఫిల్టర్ పట్టేలా చేసేవి) వాడండి.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు పాత డీఎస్ఎల్ఆర్‌లను (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరాలు) చిన్నచూపు చూడకూడదు. కదలని కొండను ట్రైపాడ్ మీద నుంచి తీసేటప్పుడు ఆటోఫోకస్ వేగంతో పని లేదు. 2014లో వచ్చిన నికాన్ డీ810కు 36 మెగాపిక్సెళ్లు, మూల ఐఎస్ఓ 64. ఆ ఫైళ్లు ఈనాటికీ నిలబడతాయి. బాడీ దాదాపు కిలో బరువుంటుంది, అది మీరు మోయాలి. పాత లెన్సు కొనేటప్పుడు మాత్రం నేను చేసిన పొరపాటు చేయకండి. నగరంలో ఒక దుకాణం వారు కొత్తదానిలా ఉందని ఇచ్చిన లెన్సును ట్యూబులైటు వెలుగులో చూసి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి చీకటి గదిలో వెనుక నుంచి టార్చి వేస్తే లోపలి అద్దం అంచున సాలెగూడు పోగుల్లా బూజు కనిపించింది. తిరిగి తీసుకెళితే, అమ్మినప్పుడు లేదన్నారు. అందుకని టార్చి మీతోనే పట్టుకెళ్లండి, లెన్సు లోపలి వెలుగు రంధ్రాన్ని (ఎపర్చర్‌ను) పూర్తిగా తెరిచి, వెలుగును పక్కవాటుగా వేసి, ముందు నుంచి ఒకసారి, వెనుక నుంచి ఒకసారి చూడండి.

కొత్తదైనా పాతదైనా డబ్బు కట్టే ముందు రెండు రోజులు అద్దెకు తెచ్చుకోండి. హైదరాబాదులో బాడీలు, లెన్సులు రోజు లెక్కన ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. మొదటి రోజు ఇంటి దగ్గరే, ట్రైపాడ్ మీద పెట్టి, రా ఫైల్ ఫార్మాట్‌లో (కెమెరా మెరుగులు దిద్దని అసలు ఫైలు), దూరాన ఉన్న సెల్ టవర్‌నో అపార్ట్‌మెంటు కిటికీలనో ఎఫ్/5.6, 8, 11, 16 దగ్గర వరుసగా తీసి, నాలుగు మూలలనూ వంద శాతం పెద్దది చేసి చూడండి. నాలుగు మూలల్లో ఒకటి మాత్రమే మసకగా ఉంటే ఆ లెన్సు అమరికలో లోపం ఉన్నట్లు; ఎఫ్/16 దగ్గర ఫ్రేమంతా కొంచెం మెత్తబడితే అది వెలుగు స్వభావం వల్ల, ఏ లెన్సుకైనా తప్పదు. రెండో రోజు సంచిలో బాడీ, లెన్సులు, ట్రైపాడ్, రెండు లీటర్ల నీళ్లు పెట్టుకుని తెల్లవారకముందే దగ్గర్లోని కొండ ఎక్కండి. పైకి చేరాక, చలికి వేళ్లు బిగిసి, తల మీద టార్చి ఆపేసి ఉన్నప్పుడు, మెనూ వెతకకుండా ఐఎస్ఓ, ఎపర్చర్, రెండు సెకన్ల టైమర్ మీ వేళ్లకు చీకట్లో అందుతున్నాయో లేదో చూసుకోండి. అందకపోతే సోమవారం ఆ బాడీని తిరిగి ఇచ్చేసి, ఇంకోదాన్ని తెచ్చుకోండి.